అడిగినంత ఇవ్వండి

సరస్సు ఒడ్డున ఉన్న పోర్ట్ హాలెక్‌లో క్యాజ్ వ్రోబెల్ గొంతు తెలియని మనిషి ఉండేవాడు కాదు. చలికాలంలో మంచు తోసే లారీ, ఎండాకాలంలో రోడ్ల గుంటలు పూడ్చే లారీ, ఏదైనా మునిసిపాలిటీ లారీయే నడిపేవాడు. ఆ ఇంజను రొదలో పక్కవాడితో మాట్లాడీ మాట్లాడీ గొంతు అలా తయారైంది. చర్చిలో ప్రార్థన గొణిగినా ముందు వరసవాళ్లు ఉలిక్కిపడి వెనక్కి చూసేవారు. ఆ గొంతుకి తగ్గ చోటు ఊళ్లో ఒక్కటే ఉంది. డాక్‌మెన్ జట్టు బేస్‌బాల్ ఆడే స్టేడియం.

అక్కడ మూడో బేస్ పక్కన, అంటే పరుగు తీసేవాడు ఆగే మూడో మజిలీ పక్కన, మైదానం కంచెకి మోకాళ్లు తగిలేంత దగ్గరగా, రెండు కుర్చీలు వ్రోబెల్ వాళ్లవి. వాళ్లవంటే రాసిచ్చినవి కావు. ఓడరేవులో మూటలు మోసిన వాళ్ల నాన్న ఒక ఏడాది సరదాపడి, ఆ ఏటి ఆటలన్నిటికీ చెల్లే సీజన్ టికెట్లు కొన్నాడు. అప్పట్నుంచీ ఏటా డబ్బు కట్టి నిలబెట్టుకుంటున్నారు. నాన్న పోయాక ఆయన కుర్చీలో అక్క హెడీ కూర్చుంది, పక్కన క్యాజ్. హెడీ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే పని. పెళ్లి చేసుకోలేదు. క్యాజ్ చేసుకున్నాడు గానీ ఆ ఇల్లాలు నాలుగేళ్లు తిరక్కుండానే తన దారి తాను చూసుకుంది. చలికాలమంతా అక్కాతమ్ముళ్లు ఎవరి కొంపలో వాళ్లు ముడుచుకుని ఉండేవారు. ఫోన్లో మాట్లాడుకున్నా "ఎలా ఉన్నావు", "ఉన్నాను" అంతే. ఏప్రిల్లో ఆ కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్నాకే ఇద్దరికీ నోళ్లు పెగిలేవి. నాన్న తాగుడు, అమ్మ జబ్బు, పాత వీధి, చచ్చిపోయిన కుక్క, అన్నీ బంతికీ బంతికీ మధ్య నడిచే మాటలే.

డెల్ ఆల్‌స్టాట్ ఆ ఊరికి వచ్చేసరికి నూనూగు మీసాల కుర్రాడు. నెబ్రాస్కాలో మొక్కజొన్న పండించే ఇంటినుంచి వచ్చాడు. మొదటి రోజే మూడో బేస్ కాపలాకి నిలబెట్టారు. వచ్చిన బంతి వచ్చినట్టే చేజార్చాడు. రెండోదీ అంతే. స్టేడియం అంతా నవ్వింది. కొందరు బూతులకి దిగారు. క్యాజ్ లేచి నిలబడి, "ఒరేయ్ అబ్బాయ్! ఆ బంతికెవరో వెన్న రాశార్రా! ముందు రొట్టెకి తుడిచి పట్టుకో!" అని అరిచాడు.

కుర్రాడు తలెత్తి చూశాడు. ఏడుపు మొహం కాస్తా నవ్వు మొహమైంది. తరవాత వచ్చిన బంతిని నేలకి పడి మరీ పట్టాడు. వెళుతూ వెళుతూ కంచె దగ్గర ఆగి, "రొట్టె తెచ్చారా పెద్దాయనా?" అన్నాడు.

"రొట్టె లేదు గానీ సాసేజ్ ఉంది. తింటావా?"

"ఆడేటప్పుడు తింటే మా కోచ్ నన్నే కోసి వండుతాడు."

"వండితే వండనీ. ఇంత సన్నగా ఉన్నావు, ఒక్కరికీ సరిపోవు," అంది హెడీ.

అలా మొదలైంది. ఆరేళ్లపాటు డెల్ కంచె దగ్గరికి రాని రోజు లేదు. ఆట మొదలయ్యే ముందు వచ్చి, "ఇవాళ కూరేమిటి?" అని అడిగేవాడు. తనకి కూతురు పుడితే నెబ్రాస్కాలో ఉన్న తన తండ్రికన్నా ముందు ఆ కబురు ఈ ఇద్దరికే చెప్పానన్నాడు. అబద్ధమని తెలిసినా క్యాజ్ పొంగిపోయాడు. వీధి చివర బారులో అందరూ డెల్‌ని "మీ అల్లుడు" అనడం మొదలుపెట్టారు. "మీ అల్లుడు ఇవాళ బంతిని గోడ దాటించాడు, అందరికీ బీరు పోయించు" అనేవారు. క్యాజ్ మురిసిపోయి పోయించేవాడు.

ఆరో ఏడు ముగిసేసరికి డెల్ ఒప్పందం గడువు తీరింది. అప్పటికి దేశంలో అతన్ని మించిన మూడో బేస్ ఆటగాడు ఇద్దరో ముగ్గురో. పడమటి తీరంలో పెద్ద జట్టొకటి కళ్లు తిరిగే మొత్తం ఇస్తామంది. డాక్‌మెన్ యజమాని హావర్‌క్యాంప్ పేపర్ల వాళ్లని పిలిచి, "మాది చిన్న ఊరు, అంత మేం ఇచ్చుకోలేం, గుండె రాయి చేసుకుంటున్నాం" అని కళ్లొత్తుకున్నాడు.

ఆ ఫొటో చూసి క్యాజ్ భగ్గుమన్నాడు. "గుండె రాయి చేసుకున్నాడట! అది పుట్టినప్పుడే రాయి! స్టేడియం కట్టింది మన పన్నులతో. పార్కింగ్ డబ్బు వాడికి, బీరు డబ్బు వాడికి. పిల్లాడికివ్వడానికి చేతులు రావా?"

జనవరిలో, పొద్దుటి డ్యూటీ దిగి, ఒక చెక్క పలక మీద ఎర్ర రంగుతో 'డెల్‌కి అడిగినంత ఇవ్వండి' అని రాసుకుని స్టేడియం గేటు ముందు నిలబడ్డాడు. సరస్సు మీదనుంచి వచ్చే గాలి చెవులు కోసేస్తోంది. మొదటి రోజు ఒక్కడే. వెళ్లే కార్లవాళ్లు హారన్లు కొట్టి నవ్వుకుంటూ పోయారు. మర్నాడు బారులోవాళ్లు నలుగురు వచ్చారు. వారం తిరిగేసరికి వీధి వీధంతా అక్కడే ఉంది. ఇనప డబ్బాలో కట్టెలు మండించుకుని, డోలు కొట్టుకుంటూ, "అడిగినంత ఇవ్వండి!" అని కేకలు. టీవీ వాళ్లు వచ్చి క్యాజ్ నోటిముందు మైకు పెట్టారు. మైకు అక్కర్లేదని వాళ్లకి వెంటనే తెలిసింది.

హెడీ ఒక్కరోజు వచ్చింది. ఫ్లాస్కులో బీట్‌రూట్ సూప్ తెచ్చి చేతిలో పెట్టి, పలకని ఎగాదిగా చూసింది.

"ఒరేయ్ క్యాజ్, మొన్న శరదృతువులో మునిసిపాలిటీ మీ జీతాలు పెంచనంది కదూ?"

"అంది. ఏం?"

"అప్పుడేం చేశావు?"

"ఏం చేస్తాం, యూనియన్ సంతకం పెట్టేసింది. ఊళ్లో డబ్బు లేదు."

"నీ జీతం కోసం ఒక్కరోజు మంచులో నిలబడ్డావా?"

క్యాజ్ సూప్ గుక్క మింగాడు. "అదీ ఇదీ ఒకటేనా అక్కా? నేను లారీ తోలకపోతే ఇంకోడు తోల్తాడు. డెల్‌లాగా ఇంకోడు ఆడతాడా?"

"ఆ డబ్బు హావర్‌క్యాంప్ తన జేబులోంచి తీస్తాడనుకుంటున్నావా?"

"మరెక్కణ్ణించి తీస్తాడు?"

హెడీ ఫ్లాస్కు మూత బిగించింది. "కొరివితో తల గోక్కుంటున్నావు. గోక్కో," అని బస్సెక్కి వెళ్లిపోయింది.

నెలాఖరుకి యజమాని దిగొచ్చాడు. అంతా సంబరం. డెల్ ఒక్కడి ఏడాది జీతం ఊరి రోడ్ల మరమ్మతుకి కేటాయించిన మొత్తంకన్నా ఎక్కువని పేపర్లో వేశారు. ఆ ముక్క చదివి కూడా జనం చప్పట్లే కొట్టారు. ఒప్పందం మీద సంతకాలు పెట్టే రోజున స్టేడియంలోనే వేదిక కట్టి, క్యాజ్‌ని పేరు పెట్టి పిలిచారు. హావర్‌క్యాంప్ తన మెత్తటి చేత్తో అతని చెయ్యి పట్టుకుని పైకెత్తి, "ఈయన అడిగాడు, నేను కాదనలేకపోయాను" అన్నాడు. డెల్ గట్టిగా కౌగిలించుకుని చెవిలో, "పెద్దాయనా, మీ అరుపు నెబ్రాస్కాలో మా అమ్మకి వినబడిందట" అన్నాడు. క్యాజ్ కళ్లనిండా నీళ్లు. జీవితంలో ఒక మాట అడిగితే జరగడం అతనికి అదే మొదటిసారి.

ఊరంతా పోస్టర్లు పడ్డాయి. పలక పట్టుకుని నోరు తెరిచిన క్యాజ్ బొమ్మ, దానికింద పెద్ద అక్షరాల్లో: 'మీరు అడిగారు. మేం ఇచ్చాం.'

మార్చిలో టికెట్ల సంగతి తెలిసింది. మూడో బేస్ పక్క వరసలన్నీ తవ్వేసి, వెడల్పాటి దిండు కుర్చీలు వేసి, వెనకాల అద్దాల గదిలో భోజనాలు పెట్టి దానికి హార్బర్ క్లబ్ అని పేరు పెడుతున్నారు. పాత టికెట్‌దార్లకి ముందు అవకాశం ఇస్తారు. ధర మాత్రం నిరుటికి నాలుగింతలు.

పొరపాటు పడ్డారేమోనని క్యాజ్ టికెట్ ఆఫీసుకి వెళ్లాడు. కౌంటర్ వెనక గోడమీద తన బొమ్మే నోరు తెరుచుకుని ఉంది. కౌంటర్లో ఉన్నావిడ అతన్ని చూసి, బొమ్మని చూసి, మళ్లీ అతన్ని చూసింది.

"అయ్యో, మీరు ఆయనే కదూ!"

"అవునమ్మా. మా కుర్చీల సంగతి అడుగుదామని..."

"మీలాంటి అభిమానులు ఉండబట్టే కదండీ సార్ ఈ జట్టు నిలబడింది. ఒక్క సంతకం చేస్తారా? మా ఆయన మీరంటే పడి చస్తాడు."

పోస్టరు కాగితం ముందుకి జరిపింది. క్యాజ్ సంతకం పెట్టాడు. పెట్టాక అడిగాడు, "ఇంత ధర ఎందుకమ్మా పెరిగింది?"

"డెల్ జీతం మీకు తెలియనిదేముంది సార్," అందామె నవ్వుతూనే. "ఎక్కణ్ణించో రావాలి కదండీ."

హెడీ మాటే. కాకపోతే హెడీ తిడుతూ చెప్పింది, ఈవిడ నవ్వుతూ చెబుతోంది.

పై అంతస్తులో, ఆకాశానికి నిచ్చెన వేసినట్టుండే వరసల్లో, వాళ్ల స్తోమతుకి అందే కుర్చీలు ఇంకా ఉన్నాయి. క్యాజ్ రెండు పట్టుకొచ్చాడు. హెడీ వాటిని ముట్టుకోలేదు.

"ఆ మెట్లెక్కితే నా మోకాళ్లు నన్ను దింపవురా. ఎక్కినా అక్కణ్ణించి ఏం కనిపిస్తుంది? చీమలు బేస్‌బాల్ ఆడుతున్నట్టుంటుంది."

"ఈ ఒక్క ఏడాదే అక్కా. మళ్లీ ఏదో ఒకటి చేసి..."

"నాన్న కుర్చీ తవ్వి పారేశారు. నువ్వెళ్లు. నాకు బట్టలున్నాయి ఇస్త్రీకి."

కోపంగా అంటే బాగుండేది. ఆమె మామూలుగా, పాల ధర పెరిగింది అన్నట్టు చెప్పింది. ఆ ఏప్రిల్లో ఆట మొదలైనా ఇద్దరి మధ్యా చలికాలం పోలేదు. ఫోన్లో "ఎలా ఉన్నావు", "ఉన్నాను". అంతే.

క్యాజ్ ఒక్కడే పైకెక్కేవాడు. పక్క కుర్చీ ఖాళీ. సరస్సు గాలికి టోపీ ఎగిరిపోయేది. డెల్ కిందెక్కడో అగ్గిపుల్లంత. ఎంత అరిచినా ఆ అరుపు గాలి తీసుకుపోయేదే గానీ కింద పడేది కాదు. పక్క వరసలవాళ్లు మాత్రం, "కాస్త మెల్లగా పెద్దాయనా, మేమిక్కడే ఉన్నాం" అని విసుక్కునేవారు. ఆట ముందు డెల్ కంచె దగ్గరికి వస్తాడేమోనని కళ్లు చికిలించి చూసేవాడు. మొదటి రెండు మూడు వారాలు వచ్చి అటూ ఇటూ చూసినట్టే ఉండేది. తరవాత రావడం మానేశాడు. లేదా ఇంత దూరంనుంచి క్యాజ్‌కే ఆనలేదు.

మే నెలలో డెల్ భుజం దెబ్బతింది. పట్టీ వేసుకుని ఆడాడు. బ్యాటు ఊపితే గాలి తప్ప బంతి తగలడంలేదు. నిరుడు వాడు తప్పితే "పాపం, రేపు కొడతాడు" అన్నవాళ్లే ఇప్పుడు ఒక్కొక్క తప్పుకీ రేటు కట్టడం మొదలుపెట్టారు. "ఇప్పుడు ఊరికే ఊపాడే, ఆ ఊపుకి నా ఇల్లొస్తుంది" అనేవాడొకడు. "నా ముగ్గురు పిల్లల కాలేజీ చదువు" అనేవాడు ఇంకొకడు. క్యాజ్ మొదట్లో వాళ్లతో పోట్లాడాడు. జూన్లో నోరు మూసుకున్నాడు. జూలైకొచ్చేసరికి తనే లెక్క కడుతున్నాడు. డెల్ అవుటైన ప్రతిసారీ ముందు పక్కనున్న ఖాళీ కుర్చీ వంక చూసేవాడు.

బయట ఎకసెక్కాలు వేరే. బారులో, "మీ అల్లుడికి కట్నం ఎక్కువైంది క్యాజ్, ఒళ్లు వంగడంలేదు" అనేవారు. షెడ్డులో లారీ బ్రేకులు అరుస్తుంటే, కొత్తవి కొనడానికి డబ్బు లేదని ఆఫీసరంటే, తోటి డ్రైవరు మిర్కో, "మన క్యాజ్‌ని పలక పట్టుకుని నిలబడమనండి, వచ్చేస్తాయి" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. క్యాజ్ కూడా నవ్వాడు. ఇంటికెళ్లి ఆ పలకని గొడ్డలితో చీల్చి పొయ్యిలో పెట్టాడు. రంగు కాలి ఇల్లంతా కంపు కొట్టింది.

ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటకి మిర్కో దగ్గర హార్బర్ క్లబ్ టికెట్లు రెండున్నాయి. తారు సప్లై చేసే కాంట్రాక్టరు ఊరికే ఇచ్చాడు. "రా, మీ పాత ఇంటికి చుట్టపుచూపుగా వెళ్లొద్దాం" అన్నాడు మిర్కో. వాడికి వేళాకోళమే గానీ మనసులో విషం లేదు. క్యాజ్ వెళ్లాడు.

కుర్చీలు పరుపుల్లా ఉన్నాయి. సగం ఖాళీ. జనం అద్దాల గదిలో చల్లగా కూర్చుని రొయ్యలు తింటున్నారు. బయట కూర్చున్నవాళ్లు మైదానానికి వీపు పెట్టి ఫోన్లలో బేరాలు మాట్లాడుతున్నారు. నాన్న కుర్చీ ఉన్నచోట తెల్ల ప్యాంటు వేసుకున్న ఒకాయన పక్కనామెని, "మనవాళ్లు నీలం బట్టలా, బూడిదరంగా?" అని అడుగుతున్నాడు. క్యాజ్‌కి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ఒక బీరు తాగాడు. ఇంకోటి తాగాడు. మిర్కో చెయ్యి పట్టుకుని, "చాల్లేవయ్యా" అన్నాక మరొకటి.

ఆట చివరికొచ్చింది. ఒక్క పరుగు వెనక ఉన్నారు. రెండు బేస్‌ల మీద మనవాళ్లే. డెల్ బ్యాటు పట్టుకుని దిగాడు. మూడుసార్లు ఊపాడు. మూడుసార్లూ గాలే. అవుటయ్యాడు. తల వంచుకుని, కుడి భుజం పట్టుకుని, ఇటువైపే ఉన్న జట్టు బెంచీకేసి నడిచి వస్తున్నాడు.

క్యాజ్ లేచాడు. ఏం అరవాలో ముందు అనుకోలేదు. ఏళ్లతరబడి "నీకేం కాదురా అబ్బాయ్" అన్న ఆ గొంతులోంచే వచ్చింది.

"దొంగా! ఊరి సొమ్ము మింగి గాలికి విసురుతున్నావురా! ఆ భుజం కాదు, ఆ రెండోదీ విరగాలి! విరిగి, పళ్లెంలో కూడు ఇంకొకళ్లు కలిపి పెట్టాలి నీకు!"

స్టేడియం అంతా ఇంకా ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దంగా ఉంది. ఆ మాట మొదటి బేస్ దాకా స్పష్టంగా వినబడింది. రొయ్యలు తింటున్నవాళ్లు తలలు తిప్పారు. డెల్ ఆగిపోయాడు. ఎవరా అని వెతకలేదు. ఆ గొంతు ఎవరిదో వెతకాల్సిన పనిలేదు. మెల్లగా కంచె దగ్గరికి వచ్చాడు.

"పెద్దాయనా?"

క్యాజ్ కంచె పట్టుకున్నాడు.

"హెడీగారేరీ? ఏప్రిల్ అంతా చూశాను మీకోసం. ఆఫీసులో అడిగితే టికెట్లు వదిలేసుకున్నారన్నారు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను."

"వదిలేసుకున్నామా?" క్యాజ్ గొంతు మళ్లీ లేచింది. "మేం వదిలేసుకున్నామా? నీ జీతం మమ్మల్ని మెడబట్టి గెంటింది! మా నాన్న కుర్చీ తవ్వి ఈ సోఫాలేశారు, అదిగో, వాళ్లకి! మా అక్క ఆట చూడ్డం మానేసింది!"

డెల్ మొహం ఎర్రబడింది. అలిసిపోయిన మొహం. ముప్పై కూడా నిండలేదు, కళ్లకింద సంచులు. "ఇస్తామన్నారు, తీసుకున్నాను. మీరైతే వద్దంటారా?" అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "ఇమ్మని అడిగింది మీరే కదా," అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. తెల్ల ప్యాంటు ఆయన, "అరే, పోస్టర్లో ఉన్నది ఈయనే!" అని పక్కనామెకి చూపించాడు.

అప్పటికే నీలం కోట్ల కాపలా మనుషులిద్దరు వచ్చి క్యాజ్ జబ్బలు పట్టుకున్నారు. క్లబ్బులో దూషణ నిషిద్ధమట. మిర్కో, "తాగిన మాటలండీ, నేను తీసుకుపోతాను, వదిలేయండి" అని బతిమాలుతున్నాడు. వాళ్లు డెల్ వంక చూశారు. ఒక్క మాట చాలు. "మావాడే, వదిలేయండి" అంటే చాలు. క్యాజ్ కూడా ఆ మాట కోసమే చూశాడు. అంత తిట్టినవాడు, ఇంకా చూశాడు. డెల్ నేలకేసి చూస్తూ బ్యాటు కొనతో మట్టి గీశాడు. తోటివాళ్లు కేకేస్తే అటు తిరిగి వెళ్లిపోయాడు.

ఆ ఏడాదికి క్యాజ్‌ని స్టేడియంలో అడుగుపెట్టనివ్వొద్దని రాసుకున్నారు. చేతిలో ఉన్న పైఅంతస్తు టికెట్లు కూడా చెల్లవు.

పది పదిహేను రోజులకి హెడీ ఇంటికి డెల్ మనిషొకడు వచ్చాడు. సీజన్ అయిపోయేదాకా హార్బర్ క్లబ్‌లో ఒక కుర్చీ, ఆమె పేర, ఉచితం. ఆ సంగతి తెలిసి క్యాజ్ అక్క ఇంటికి ఊగిపోతూ వెళ్లాడు.

"మొహాన కొట్టావా లేదా?"

"ఎందుకు కొడతాను? వెళ్లొచ్చాను."

"వెళ్లావా!"

"నిన్న. దిండు మెత్తగా ఉంది. రొయ్యలు పెట్టారు, ఉప్పు తక్కువ. నా పక్కన కూర్చున్నవాళ్లు ఆట సగంలో స్కోరెంతో నన్నడిగారు. నీలాగా బుర్ర తినే మనిషి పక్కన లేకపోతే నాకు నిద్రొచ్చింది. మధ్యలో లేచొచ్చేశాను."

"వాడు కనిపించాడా?"

"కంచె దాకా వచ్చాడు. నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను. నువ్వు పిల్లాడి చెయ్యి విరగాలన్నావటగా?"

క్యాజ్ తల దించుకున్నాడు.

"నాన్న ఎంత తాగినా ఆ మాట ఎవర్నీ అనలేదు," అంది హెడీ. టీ కప్పు అతని ముందు పెట్టి, తను ఇస్త్రీ పెట్టె దగ్గరికి వెళ్లిపోయింది. ఆ కుర్చీకి ఆమె మళ్లీ వెళ్లలేదు.

అక్టోబరులో డెల్ భుజానికి ఆపరేషన్ అయింది. నవంబరులో హావర్‌క్యాంప్ అతన్ని పడమటి తీరం జట్టుకే అమ్మేశాడు. జీతం భారమంతా వాళ్లే మోస్తారు. బదులుగా పేరు తెలియని కుర్రాళ్లు ఇద్దరు వచ్చారు, చవగ్గా. యజమాని మళ్లీ పేపర్లవాళ్లని పిలిచి, మళ్లీ గుండె రాయి చేసుకున్నానన్నాడు. ఈసారి గేటు ముందు ఎవరూ నిలబడలేదు. "పీడ వదిలింది" అన్నారు బారులో.

ఆ కబురు విన్నప్పట్నుంచీ క్యాజ్‌కి ఒక ఆలోచన పట్టుకుంది. సిగ్గుపడాల్సిన ఆశే, అయినా ఆశే. డెల్ జీతం పోయిందిగా. మరి ధర దిగాలిగా? కొత్త ఏడాదికి తన మీద నిషేధం కూడా ఉండదు. అక్కకి చెప్పకుండా, పని మధ్యలో లారీ పక్కన ఆపి, టికెట్ ఆఫీసుకి వెళ్లాడు. ఆవిడే ఉంది. గోడమీద పోస్టరు మాత్రం మారింది. కొత్త కుర్రాడెవడో పళ్లు బయటపెట్టి నవ్వుతున్నాడు. ఈసారి ఆమె అతన్ని గుర్తుపట్టలేదు, లేదా పట్టనట్టు ఊరుకుంది.

"మూడో బేస్ పక్క కుర్చీలమ్మా. వచ్చే ఏడాదికి ఎంత?"

ఆమె చెప్పింది. ఈ ఏటి ధరకన్నా ఇంకాస్త ఎక్కువ.

"అదేమిటి? డెల్ వెళ్లిపోయాడు కదా?"

"అవునండీ."

"ఆ జీతం లేదు కదా ఇప్పుడు?"

"లేదండీ."

"మరి?"

ఆమె కంప్యూటరు వంకా, వెనక తలుపు వంకా చూసింది. గొంతు తగ్గించింది. "చూడండి సార్. కుర్చీ ధర ఆటగాణ్ణి బట్టి ఉండదు. కొనేవాణ్ణి బట్టి ఉంటుంది. కొనేవాళ్లు దొరికారు. దొరికినంతకాలం తగ్గదు. డెల్ ఉన్నా అంతే, లేకపోయినా అంతే."

"ఆవేళ డెల్ జీతం వల్లే అన్నావు నువ్వు. ఇక్కడే నిలబడి అన్నావు."

"అలా చెప్పమన్నారండీ మాకు," అందామె. "అలా చెబితే జనం గొడవ పెట్టరన్నారు."

క్యాజ్ కౌంటరు చెక్కమీద రెండు చేతులూ ఆనించాడు. వెనకాల మంచి కోటు వేసుకున్న ఒకాయన దగ్గాడు. క్యాజ్ పక్కకి జరిగాడు. ఆ కోటాయన కొన్నది హార్బర్ క్లబ్ టికెట్లు, నాలుగు. ధర అడగలేదు.

లారీలోకొచ్చి కూర్చున్నాడు. తలుపు దడాలున వేశాడు. గట్టిగా అరవాలనిపించింది. ఎవరిమీద అరవాలి? అరవాల్సినప్పుడు అరిచిందంతా ఆ పిల్లాడిమీదే పోసేశాడు. చెయ్యి విరగాలన్నాడు. విరిగినంత పనీ అయింది, కత్తితో కోశారు. ఆ మాట వెనక్కి తీసుకుందామంటే వాడు ఇప్పుడు దేశానికి ఆ చివర ఉన్నాడు. దగ్గరున్నా ఏమని చెబుతాడు? పోనీ వాడైనా ఆ రోజు ఒక్క మాట అన్నాడా? ఇద్దరూ ఒకళ్లనొకళ్లు వదిలేశారు. మధ్యలో వేదికమీద తన చెయ్యి పైకెత్తి పట్టుకున్న మెత్తచేతి పెద్దమనిషిని ఈ ఏడాదిలో ఒక్కడూ ఒక్క మాట అనలేదు.

సాయంత్రం హెడీకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు. ఆమె చివరిదాకా విని, "ఊఁ" అంది.

"నీకు ముందే తెలుసా అక్కా?"

"నాకేం తెలుసు? నేనూ వాడి జీతం వల్లే అనుకున్నాను. నిన్ను తిట్టానుగా." ఫోన్లో ఇస్త్రీ పెట్టె దించిన చప్పుడు. "ఆదివారం భోజనానికి రా. క్యాబేజీ రోల్స్ చేస్తాను."

వెళ్లాడు. తిన్నారు. నాన్న గురించి ఏదో మొదలుపెడదామని క్యాజ్ చూశాడు గానీ బల్లకి అటూ ఇటూ ఎదురెదురుగా, మొహాలు చూసుకుంటూ కూర్చుంటే ఆ మాటలు రాలేదు. వాళ్లకి పక్కపక్కన కూర్చుని, ముందుకి చూస్తూ మాట్లాడుకోవడమే అలవాటు. గిన్నెలు కడిగి పెట్టి, కోటు తొడుక్కుని వచ్చేశాడు.

మళ్లీ ఏప్రిల్ వచ్చింది. మొదటి ఆట రోజు క్యాజ్ ఎవరూ అడక్కుండానే ఇంకొకడి డ్యూటీ కూడా తనే చేశాడు. పని దిగి బారులోకి వెళితే టీవీ చుట్టూ జనం మూగి ఉన్నారు. అతను అటు వీపు పెట్టి కూర్చున్నాడు. పక్కనే కొత్త మనిషొకడు, ఏదో ఓడమీద వచ్చినట్టున్నాడు, బీరు గ్లాసుతో చనువుగా వంగి, "మన జట్టులో ఆ మూడో బేస్ కుర్రాడెవరండీ? బాగా ఆడుతున్నాడే!" అన్నాడు.

బారంతా చెవులు రిక్కించింది. మిర్కో గ్లాసు కిందపెట్టి క్యాజ్ వంక చూశాడు.

"నాకు తెలీదండీ," అన్నాడు క్యాజ్, పక్కవాడికి మాత్రమే వినబడేలా. "నేను బేస్‌బాల్ చూడను."

ఆ మనిషి పాపమనుకుని అటు తిరిగి టీవీలో పడ్డాడు. వెనకాల జనం ఒక్కసారిగా కేకలేశారు. ఎందుకు వేశారో క్యాజ్ తిరిగి చూడలేదు.